చదువుగదిని తీర్చుట



“ఇల్లు చూచి ఇల్లాలిని చూడుము” అని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు శుభ్రముగా నున్నదా, వస్తువులు వాని వాని చోట్ల నున్నవా యని చూచినచో ఆ యింటివారి స్వభావము కొంత తెలియునని దాని భావము. ఈ సామెతను బడిలోని గదులకును అన్వయింపవచ్చును. ఒక గదిలో బల్ల యెచ్చట నున్నది, వెలుతురు ఎవరిమీద పడుచున్నది, దారి ఎవరికి చాలుచున్నది అను విషయములను గమనించినచో, దానిని తీర్చినవారు ఎవరిని మనస్సున నుంచుకొనిరో, ఎవరిని మఱచిరో తెలిసికొనవచ్చును.

గది లోపలి భాగమును ఉపయోగమునకును అందమునకును తగినట్లు ఏర్పఱచు విద్యను గృహాలంకరణ మనుట వాడుక. ఆ పేరు కొంత దారి తప్పించునది. ఏలయన, అలంకారము ఆ విద్యలో కడపటి భాగము మాత్రమే. నిరుడు తొమ్మిదవ తరగతివారికి మన పాఠశాల చదువుగదిని తిరిగి తీర్చుటకై పటములు గీయుడని ఒక పని యిచ్చితిని. ఆ పనిలో వారు నేర్చినదానికంటె నేను నేర్చినది ఎక్కువ. దానిని దాచక మీకు చెప్పుటయే ఈ పాఠము.

సిద్ధాంతము

క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున రోము రాజ్యమునందు విట్రూవియస్ అను వాస్తుశిల్పి యుండెను. అతడు లాటిను భాషలో వాస్తువిద్యనుగూర్చి పది భాగముల గ్రంథము వ్రాసెను. మంచి కట్టడమునకు దృఢత్వము, ఉపయోగము, సౌందర్యము అను మూడు గుణములు ఉండవలెనని అతని మతము. రెండువేల సంవత్సరములు గడచినను ఈ మూటిని నేటికిని చెప్పుకొనుచున్నారు.

సౌందర్యము ఎట్లు కలుగునో తెలుపు సూత్రములు కొన్ని కలవు. అవి విదేశపు మాటలని భయపడనక్కఱలేదు. సంక్రాంతి దినములలో వాకిటి ముగ్గును చూచినవారికి అవి యన్నియు తెలిసినవే. చుక్కలను సమానమైన ఎడముతో పెట్టుట కొలతల పొందిక. కుడివైపున ఒక రెక్క వేసినప్పుడు ఎడమవైపునను దానికి దీటైన రెక్కను వేయుట సమతూకము. ఒకే మెలిక మలుపు మలుపునను తిరిగి తిరిగి వచ్చుట లయ. నడుమ పద్మమునకు గాని గొబ్బెమ్మకు గాని చోటు విడుచుట ప్రధానస్థానము. ఇవి యన్నియు కలిసి కంటికి ఒకే ముగ్గుగా తోచుట ఏకత్వము.

సమతూకము రెండు విధములని మాత్రము జ్ఞాపక ముంచుకొనుడు. ఇరువైపుల ఒకే వస్తువు నుంచుట మొదటి విధము. ఒకవైపున ఎత్తైన బీరువా యున్నప్పుడు రెండవవైపున వెడల్పైన కిటికీయు దానిదగ్గఱ బల్లయు నుంచి, వస్తువులు వేఱైనను కంటికి బరువు సరిపోవునట్లు చేయుట రెండవ విధము. మొదటిది తేలిక, రెండవదానికి ఆలోచన ఎక్కువ కావలెను.

ముగ్గునకును గదికిని ఒక భేదము కలదు. ముగ్గును చూచుటకే వేయుదురు. గదిలోనో, మనుష్యులు నడచెదరు, కూర్చుందురు, వంగుదురు, పుస్తకములు తీసికొందురు. ఈ భేదమును నేను పాఠములో చెప్పితిని గాని, మార్కులు వేయునప్పుడు మఱచితిని.

మొదటి పటములు

మన చదువుగది 8 మీటర్ల పొడవును 6 మీటర్ల వెడల్పును గలది. పొడవు తూర్పు పడమరలుగా నున్నది. ఉత్తరపు గోడకు రెండు కిటికీలును, దక్షిణపు గోడకు వరండాలోనికి ఒక తలుపును కలవు. సామానులు నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, రెండు బీరువాలు, వార్తాపత్రికల స్టాండు ఒకటి. విద్యార్థులు అయిదుగురేసి జట్లుగా ఏర్పడి, గదిలోని 1 మీటరునకు కాగితముపై 2 సెంటీమీటర్ల చొప్పున పటములు గీసిరి. అనగా గది యంతయు 16 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పుగల దీర్ఘచతురస్రములో ఇమిడినది.

వానిలో ఒక బాలిక జట్టు గీసిన పటము కన్నులపండువుగా నుండెను. గది నడుమ ఒక గుండ్రని బల్ల, దానిపై పూలకూజా. నాలుగు మూలల నాలుగు బల్లలు. తలుపునకు ఇరుప్రక్కల ద్వారపాలకులవలె రెండు బీరువాలు. కిటికీలకు నిండు నీలిరంగు తెరలు. సమతూకము, ప్రధానస్థానము, లయ, ఏకత్వము అన్నియు అందు కలవు. నేను దానికి 50కి 46 మార్కులు వేసి, గోడకు అంటించి, ఇట్లే గది తీర్చుదమని ప్రకటించితిని.

ముగ్గు పోయుట

ఇల్లు కట్టునప్పుడు మేస్త్రి పునాది త్రవ్వకముందు నేలపై ముగ్గు పోయును. గోడ యెచ్చట వచ్చునో, గుమ్మ మెచ్చట నుండునో యజమాని తన కాళ్లతో నడచి చూచుకొనుటకు అది యుపయోగించును. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు బోధించినది కూడ ఈ జాగ్రత్తయే. మాకున్న సొమ్ము స్వల్పము. వడ్రంగిని పిలువకముందే ఆటస్థలములోని వేపచెట్టు నీడను గది కొలతకు సరిగా ముగ్గుపిండితో గీతలు గీసి, నిజమైన బల్లలను బెంచీలను తెచ్చి పటములో నున్నట్లు అమర్చితిమి.

పిల్లలు ఉత్సాహముతో ‘గది’లో ప్రవేశించిరి. ఆ తరగతిలో చంకకఱ్ఱలతో నడచు బాలుడొకడు కలడు. అతడును వచ్చెను. రెండు బీరువాల గుర్తుల నడుమ ప్రక్కకు తిరిగి యెట్లో దాటెను. గుండ్రని బల్లకును బెంచీకిని నడుమ మాత్రము ఆగిపోయెను. ఆ దారి 55 సెంటీమీటర్లు. అతని కఱ్ఱలు రెండును నేలపై ఊనినప్పుడు వాని నడిమి దూరమే అంతకంటె ఎక్కువ. ఎవరును మాటాడలేదు. అతడు చిఱునవ్వుతో నావైపు తిరిగి, “మాస్టారూ, గది చాల అందముగా నున్నది. నాకొఱకు చెడగొట్టవలదు. నేను వరండాలోనే చదువుకొందును” అనెను.

అప్పుడు నాకు తెలిసినది. ఏడాదికాలముగా అతడు వరండా అరుగుపైనే కూర్చుండి, స్నేహితులు తెచ్చి యిచ్చిన పుస్తకములు చదువుచుండెను. అతనికి గాలి యిష్టమని నేననుకొంటిని. ఒక్కనాడైనను అడిగి చూడలేదు. పాత అమరికయందును అతనికి దారి లేదు. క్రొత్త అమరికయందును లేదు.

పటము గీసిన బాలిక కొంతసేపు తల వంచుకొని నిలిచెను. పిదప తానే వంగి గుండ్రని బల్ల గుర్తును చేతితో చెఱిపివేసెను. తప్పు ఆమెది కాదు. నేనిచ్చిన పనిలో “ఈ గదిని ఎవరు వాడుదురు?” అను ప్రశ్నయే లేదు. మార్కుల పట్టీలో అందమునకు ఒక గడి, కొలతలకు ఒక గడి, శుభ్రతకు ఒక గడి గీసితిని. మనుష్యునికి గడి గీయలేదు.

రెండు ఉదాహరణములు

మఱునాడు పటముల నన్నిటిని ప్రక్కకు పెట్టి మొదటినుండి ప్రారంభించితిమి. అంతకుముందు తరగతిలో రెండు సంగతులు చెప్పితిని.

మొదటిది జర్మనీ దేశములోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు చెందినది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత అచ్చట ఇండ్ల కొఱత మిక్కుటముగా నుండెను. నగరమువారు ఎర్నెస్ట్ మై అను వాస్తుశిల్పి ఆధ్వర్యవమున వేలకొలది చిన్న యిండ్లు కట్టించిరి. వానికొఱకు 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అను స్త్రీ ఒక వంటగదిని రూపొందించెను. ఆ గది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.44 మీటర్లు. ఆమె గడియారము పట్టుకొని, వంటపనిలో ఏ పనికి ఎంతసేపు పట్టునో, ఎన్ని అడుగులు నడువవలసి వచ్చునో లెక్కించెను. రైలుబండ్లలోని ఇఱుకైన వంటగదులలో పని యెట్లు సాగుచున్నదో పరిశీలించెను. పిండికిని బియ్యమునకును గోడలో సొరుగులు, ఇస్త్రీకొఱకు మడత పెట్టదగిన బల్ల, ప్రక్కగదిలోని పిల్లలను కనిపెట్టుటకు జరుపు తలుపు ఏర్పఱచెను. అట్టి వంటగదులు సుమారు 10,000 నిర్మింపబడినవి. ఆ పనికి ముందు తాను ఇల్లు నడపలేదనియు, వంట చేయలేదనియు ఆమెయే తరువాత చెప్పుకొనెను. తెలియనిదానిని తెలిసినట్లు ఊహింపక, చూచి కొలిచి తెలిసికొనుటయే ఆమె గొప్పతనము.

అయినను ఆ వంటగదియందును ఒక లోపము కలదని తరువాతివారు విమర్శించిరి. అది ఒక్కరు పనిచేయుటకే సరిపడునట్లు కొలువబడినది. సహాయము చేయవచ్చిన రెండవవారికి చోటు లేదు. ఇల్లాలు ఒంటరిగా నిలిచిపోవును. ఒక్కరిని చక్కగా కొలిచినను రెండవవారిని మఱచినచో ఎట్లుండునో దీనివలన తెలియుచున్నది.

రెండవ సంగతి మన దేశమునకు చెందినది. 1958లో భారత ప్రభుత్వము కోరగా అమెరికా దేశస్థులగు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను దంపతులు ఇచ్చటి వస్తువులను పరిశీలించి ఒక నివేదిక సమర్పించిరి. దాని ఫలితముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ వెలసినది. ఆ నివేదికలో వారు మిక్కిలి మెచ్చుకొన్న వస్తువు ఏనుగుదంతపు బొమ్మయు కాదు, రాజసింహాసనమును కాదు. మన చెంబువంటి లోటా! దానిలో ఎంత నీరు పట్టును, నడుముమీద పెట్టుకొనుటకు అనుకూలమా, తలమీద నిలుచునా, నిండినప్పుడును వట్టిదైనప్పుడును బరువు ఎట్లు తూగును, పోయునప్పుడు ధార యెట్లుండును, లోపల తోముటకు చేయి పట్టునా, దాని వెల యెంత అని వారు ప్రశ్న వెంట ప్రశ్న వేసికొనిరి. ఒక్క మనుష్యుడు ఒక్కనాట దానిని రూపొందింపలేదు. తరతరములవారు వాడి, లోపములు కనిపెట్టి, దిద్దుచు వచ్చిరి. అందుచేతనే అది అందముగను నున్నది.

రెండవ ప్రయత్నము

ఇట్లు చెప్పిన పిదప మా విద్యార్థులు మూడు దినములు ఏమియు గీయక, చదువుగదిలో నోటుపుస్తకములతో కూర్చుండి చూచిరి. వారు వ్రాసికొన్నవి ఇవి: పత్రికల స్టాండు తలుపుదగ్గఱ నుండుటవలన ఉదయమున అచ్చట గుంపు చేరి దారి మూసివేయుచున్నది. ఆఱవ తరగతి పిల్లలకు బీరువా పై అఱ అందుటలేదు. మధ్యాహ్నమయినచో దక్షిణపు ప్రక్క బల్లలవద్ద ఎవరును కూర్చుండరు. అచ్చట వెలుతురు చాలదు. ఎడమచేతివాటము గల ఒక బాలిక వ్రాయుచున్నంతసేపు తన చేతి నీడలోనే వ్రాయుచున్నది.

కఱ్ఱల బాలుని ఈమాఱు ముందుగానే అడిగితిమి. ప్రత్యేకముగా ఒక కుర్చీ వేయుడని కోరునని నేను తలంచితిని. అతడట్లు కోరలేదు. “ఎవరో తెచ్చిన పుస్తకము కాక, నేనే బీరువాలో వెదకి తీసికొన్న పుస్తకము చదువవలెనని యున్నది” అనెను.

ఈ ఒక్క మాట మా పని యంతటికిని మూలమయినది. అతడు నడచునప్పుడు కావలసిన వెడల్పును, అతని అనుమతితో, మొదటి పటము గీసిన బాలికయే కొలిచెను, 90 సెంటీమీటర్లు. చక్రముల కుర్చీ ఒక్కచోటనే తిరుగుటకు 1.5 మీటర్ల వ్యాసముగల ఖాళీ స్థలము కావలెను. ఇప్పుడట్టి విద్యార్థి మన పాఠశాలలో లేకపోయినను రేపు రావచ్చును గదా యని ఆ కొలతను కూడ పట్టుకొంటిమి. ప్రభుత్వ ధనసహాయము గాని గుర్తింపు గాని పొందిన విద్యాలయముల కట్టడములు అందఱికిని ప్రవేశయోగ్యముగా నుండవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విధించుచున్నదని కూడ పిల్లలు తెలిసికొనిరి.

క్రొత్త అమరిక యిట్లున్నది. నాలుగు బల్లలను రెండేసి చొప్పున ఉత్తర దక్షిణములుగా జతపఱచి రెండు పొడవైన వరుసలు చేసితిమి. వాని నడుమ దారి 1.5 మీటర్లు. కిటికీ పై అంచు నేలనుండి 2.1 మీటర్ల ఎత్తున నున్నది. కిటికీ ఎత్తునకు సుమారు రెండు మొదలు రెండున్నర రెట్ల దూరమువఱకే చదువుటకు చాలినంత పగటి వెలుతురు వచ్చునని సామాన్య సూత్రము. అనగా 4, 5 మీటర్లు. కాబట్టి బల్లలు ఆ లోపలనే ముగియునట్లు ఉంచి, వెలుతురు తక్కువగు దక్షిణపు పట్టెను 1.8 మీటర్ల వెడల్పున నడకకు విడిచితిమి. బల్లకు పడమటి ప్రక్క కూర్చున్నవారు తూర్పుముఖముగా నుందురు. వారికి ఉత్తరపు వెలుతురు ఎడమనుండి వచ్చును. కుడిచేతితో వ్రాయువారికి అది మంచిది. ఎడమచేతివాటము గలవారు ఎదుటిప్రక్కను కూర్చుందురు. ఖర్చు లేకుండనే ఆ బాలిక కష్టము తీఱినది.

బీరువాలను పడమటి గోడకు చేర్చి వాని యెదుట 1.5 మీటర్లు ఖాళీగా విడిచితిమి. అయినను ఒక చిక్కు మిగిలినది. రెండు చేతులును కఱ్ఱలపై నుండగా పుస్తకము తీయుట యెట్లు? దీనికి ఉపాయము ఒక విద్యార్థికి తోచినది. రెండు బీరువాల నడుమ 45 సెంటీమీటర్ల ఎత్తున ఒక చెక్క పీటను గోడకు బిగించి, దాని ప్రక్కన కఱ్ఱలు ఆనించుటకు గంటు కోసిరి. అచ్చట కూర్చుండి ఇరువైపులనున్న పుస్తకములను తీసికొనవచ్చును. ఎక్కువగా చదువబడు పుస్తకములను మోకాలి ఎత్తునుండి భుజము ఎత్తువఱకు గల అఱలలో సర్దితిమి. నీలి తెరలు మానుకొని గోడలకు తెల్లని సున్నము వేయించితిమి. తెలుపు వెలుతురును ఎక్కువగా వెనుకకు పంపును గదా! పత్రికల స్టాండు తూర్పు గోడకు చేరినది.

దీనిని మరల ముగ్గుపిండితో గీసి, అందఱును నడచి చూచిన తరువాతనే వడ్రంగిని పిలిచితిమి. అందము తగ్గినదా? తగ్గలేదు. పడమట బీరువాల బరువును తూర్పున తెఱపిగానున్న గోడయు పత్రికలును, ఉత్తరమున కిటికీలును సరితూచుచున్నవి. ఇది నేను చెప్పిన రెండవ విధమైన సమతూకము. బల్లల వరుసలయందు లయ కలదు. ప్రధానస్థానము పూలకూజాకు బదులు పుస్తకములకు దక్కినది. మొదటి పటమునందలి సూత్రము లేవియు వ్యర్థము కాలేదు. మనుష్యుని పిదప వానికి చోటు దొరకినది.

గది సిద్ధమైన వారమునకు, గ్రంథముల బాధ్యత వహించు విద్యార్థి నావద్దకు వచ్చి, “మాస్టారూ, అతడు పుస్తకములు తీసి చూచి వేఱొక అఱలో పెట్టుచున్నాడు” అని ఫిర్యాదు చేసెను. ఇంత సంతోషము కలిగించిన ఫిర్యాదు నా ఉద్యోగకాలములో నేను వినియుండలేదు. అయినను, తీసిన చోటనే పెట్టవలెనని ఆ బాలుని మందలించితిని.

అభ్యాసము

మీరు గదిని గాని, ఇంటిలోని ఒక మూలను గాని తీర్చదలచినప్పుడు ఈ క్రమమును అనుసరింపుడు.

1. ముందుగా చూడుడు. ఆ చోటును ఎవరెవరు, ఏ వేళల, ఏ పనికి వాడుచున్నారో వ్రాసికొనుడు. అచ్చటికి రానివారు ఎవరో, ఏల రారో కూడ వ్రాసికొనుడు.

2. అడుగుడు. వారికి కావలసినది మీరే ఊహింపకుడు.

3. కొలువుడు. గదిని, సామానును, మనుష్యుని మూటిని కొలువుడు.

4. గీయుడు. ఒక్క పటముతో తృప్తిపడక కనీసము మూడు గీయుడు.

5. ముగ్గు పోసి నడచి చూడుడు. లోపము కాగితముపై నున్నప్పుడు దిద్దుట చౌక. గోడపై నున్నప్పుడు ప్రియము.

6. దిద్దుడు. దిద్దుటకు సిగ్గుపడకుడు. మీ ఉపాధ్యాయుడును సిగ్గుపడలేదు.

మా పని యింకను ముగియలేదు. వరండాకు రెండు మెట్లు కలవు. వాని మొత్తము ఎత్తు 30 సెంటీమీటర్లు. 1 పాలు ఎత్తునకు 12 పాళ్ల పొడవు చొప్పున వాలుదారి కట్టినచో 3.6 మీటర్ల పొడవు కావలెను. దానిని ఏ వైపునకు త్రిప్పవలెను, వాననీరు ఎటు పోవలెను, ఎంత సొమ్ము పట్టును అనునది ఈ సంవత్సరము పదవ తరగతికి వచ్చిన ఆ విద్యార్థులకే ఇచ్చిన పని. ముగ్గు పోసి యున్నది. చూడగోరువారు వచ్చి చూడవచ్చును.

మార్కు సువార్త 2వ అధ్యాయములో కపెర్నహూములోని ఒక యింటి కథ కలదు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని రాగా, గుమ్మమున జనులు క్రిక్కిఱిసి యుండిరి. వారు పైకెక్కి కప్పు విప్పి అతనిని లోనికి దింపిరి. ఆ నలుగురి విశ్వాసమును మనము ఎల్లప్పుడును మెచ్చుకొందుము. గుమ్మమున నిలిచినవారు కొంచెము తొలగి దారి యిచ్చియుండినచో కప్పు విప్పవలసిన పని యుండెడిది కాదు గదా! మీరు తీర్చు గదులలో ఎవరికిని కప్పు విప్పవలసిన అవసరము కలుగకుండుగాక.